హాలంతా ఏడ్చిన సీను

ఆ వరండాలో ఆయన్ని అందరూ ఫిడేలు తాత అనేవాళ్ళు. పేరెవరు పెట్టారో గుర్తులేదు గానీ, పెట్టినవాళ్ళ తప్పేం లేదు. వచ్చి బెంచీ మీద కూర్చున్న మొదటి పూటే, పక్కవాడు "మీకు లోపల ఎవరండీ" అని అడిగేలోపే, తాను సినిమాలకి ఫిడేలు వాయించినవాడినని, తాను కమాను ఎత్తితే హీరోలే కాదు విలన్లు కూడా ముక్కు చీదుకునేవాళ్ళని చెప్పేశాడు. లోపల ఉన్నది తన భార్య అన్న సంగతి రెండోరోజు గానీ బయటపడలేదు.

బెంచీలకి ఎదురుగా తలుపు. తలుపుకి గుండ్రటి అద్దం ఉంది గానీ లోపలివైపు కాగితం అంటించారు, ఏమీ కనపడదు. లోపల మంచాల మీద ఉన్నవాళ్ళ తరఫున యంత్రాలు ఊపిరి తీస్తుంటాయి. బయట ఉన్నవాళ్ళకి కూర్చోవడం తప్ప పనిలేదు. తమ్ముడి కోసం వచ్చిన లారీ డ్రైవరు గోడకి వీపు ఆనించి కూర్చునేవాడు. అక్క కోసం వచ్చిన టైలరమ్మ చొక్కాలు తెచ్చుకుని కాజాలు కుట్టుకునేది. తలుపు దగ్గర స్టూలు మీద వాచ్‌మన్. ఈ ముగ్గురే ఫిడేలు తాతకి హాలు, వీళ్ళే జనం.

ఆ రోజు మధ్యాహ్నం చిన్న డాక్టరమ్మ ఆయన్ని పక్కకి పిలిచింది. "తాతగారూ, దాచడమెందుకు. అమ్మగారి ఊపిరి ఇప్పుడు యంత్రానిదే, ఆవిడది కాదు. లేస్తారన్న ఆశ మాకు లేదు. ఉంచమంటే ఉంచుతాం, తీసెయ్యమంటే తీసేస్తాం. సాయంత్రం పెద్ద డాక్టరుగారు వచ్చేలోపు మీరొక మాట చెప్పాలి. మీకింకెవరూ లేరన్నారుగా, మీరే చెప్పాలి."

ఆయన తలూపి వచ్చేశాడు. ఉంచమంటే ఆ గొట్టాల మధ్య ఆవిడని హింసపెట్టడం. తీసెయ్యమంటే తన నోటితో తానే చంపడం. ఏ మాట చెప్పినా ఆ మాటతోనే మిగిలిన రోజులు బతకాలి. వచ్చి బెంచీ మీద తన చోట్లో కూర్చున్నాడు.

"ఏమంది తాతా డాక్టరమ్మ?" అన్నాడు డ్రైవరు.

"ఏమంటుంది, మామూలే." నోరు ఊరికే ఉంటే ఆ మాటే గుర్తొస్తుంది. నోరు ఆడుతూ ఉండాలి. "అన్నట్టు నీకు తలుపు సంగతి చెప్పానటోయ్?"

"చెప్పలేదు."

"చెప్పలేదా! ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చుని తలుపు సంగతి వినలేదంటే నీ బతుకు వృథా. విను. సినిమాలో ఒక తలుపు చూపిస్తారు. ఉత్త తలుపు. చెక్క, గొళ్ళెం, అంతే. సంగీతం లేకుండా చూశావనుకో, వడ్రంగి పనితనం బాగుందా లేదా అని చూస్తావు, అంతకుమించి నీకేం తోచదు. అదే తలుపుకి మా చెల్లోలవాళ్ళు, అదే, కాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే పెద్ద ఫిడేళ్ళవాళ్ళు నలుగురు, ఆ పక్కన నిలబడి వాయించే పెద్ద బాసువాళ్ళిద్దరు, అడుగు తీగ మీద 'ఊఁ...' అని మొదలెట్టారనుకో, చచ్చావన్నమాటే! లోపల ఎవడో కత్తి పట్టుకుని నక్కాడని నీకు ముచ్చెమటలు పడతాయి. అదే తలుపుకి ఒక్క వేణువు వేశారనుకో, ఆ పిల్ల తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటూ వస్తోందని నువ్వు కుర్చీలో సర్దుకుని కూర్చుంటావు. తలుపు అదే, గొళ్ళెం అదే. లోపల ఎవరున్నారో నీకు చెప్పేది మేమోయ్, ఆ యాక్టర్లు కాదు."

డ్రైవరు ఎదురుగా ఉన్న తలుపు వైపు గడ్డం ఎత్తాడు. "మరి ఈ తలుపుకి ఏం వాయిస్తావు తాతా?"

ఫిడేలు తాత అటు చూడలేదు. "దానికింకా నొటేషన్ రాలేదు," అని గొంతు సవరించుకున్నాడు. "రానీ, చూద్దాం. ముందు నీకు అసలు సంగతి చెప్పాలి. మేం వాయించే హాలు ఎలా ఉండేదో తెలుసా? ఈ ఆసుపత్రి మొత్తం అందులో పడుకోబెట్టొచ్చు. ముందు తెర. తెరకెదురుగా సంగీత దర్శకుడు నిలబడతాడు. మేం ఆయనకెదురుగా, అంటే తెరకి వీపు పెట్టి కూర్చుంటాం. వెనకాల బొమ్మ ఆడుతూ ఉంటుంది, మాకు కనపడదు. ఆయన చెయ్యి ఎత్తితే ఎత్తాలి, దించితే దించాలి. వెనక తిరిగి చూశావో, లెక్క తప్పుతావు, అంతమంది కష్టం బూడిదలో పోస్తావు."

"అంటే సినిమా చూడకుండానే సినిమాకి వాయించేవాళ్ళా?" వాచ్‌మన్ నవ్వాడు.

"వంటవాడు ప్రతివాడి కంచంలోనూ వేలు పెట్టి తింటాడటోయ్?"

ఈ మాట మాత్రం కోత కాదు. ఆ వృత్తిలో చాలామంది అంతే, తాము వాయించిన సినిమాలు చూసినవాళ్ళు తక్కువ. ఈయన కొత్తలో ఒకసారి ఉబలాటంకొద్దీ టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాడు. రెండు గంటలు చెవులు రిక్కించి కూర్చున్నా ముప్పై ఫిడేళ్ళలో తన ఫిడేలు ఏదో తనకే దొరకలేదు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. మళ్ళీ సినిమా హాలు మొహం చూడలేదు. అప్పట్నుంచి భార్యే వెళ్ళేది. ఆయన వాయించిన ప్రతి సినిమాకీ వెళ్ళి, వచ్చి, కూరలు తరుగుతూ కథంతా చెప్పేది. "ఏమండీ, మీరు మొన్న ఇంట్లో గొణుక్కున్నారే ఆ ముక్క, అది ఆ పిల్ల ఉత్తరం చింపేసేటప్పుడు వచ్చిందండీ" అని చెబితే, ఓహో అది ఉత్తరం చింపడమా అని ఆయన అనుకునేవాడు. తన జీవితమంతా తన వీపు వెనక ఏం జరిగిందో ఆయనకి ఆవిడ నోటి ద్వారానే తెలుసు.

"సరేగానీ ఆ మందు సీసా సీను చెప్పు తాతా," అన్నాడు డ్రైవరు. నిన్న మొదలుపెట్టి, నర్సు మందుల చీటీ ఇవ్వడంతో ఆపేసిన కథ అది.

"ఆఁ, అలా అడుగు! విను మరి. ఒక సినిమా. మొగుడూ పెళ్ళాం, ఇద్దరే. పెళ్ళానికి జబ్బు. వాడు వానలో ఊరంతా తిరిగి, వాళ్ళ కాళ్ళూ వీళ్ళ కాళ్ళూ పట్టుకుని మందు సీసా తెస్తాడు. తెచ్చేసరికి ఆవిడ పోయింది. మనకి తెలుసు, వాడికి తెలీదు. చీకట్లో పక్కన కూర్చుని, తల తుడుచుకుని, చెంచాలోకి మందు వంచి, 'లే, చేదేం ఉండదులే' అంటాడు. అదీ సీను."

టైలరమ్మ చేతిలో సూది ఆగింది. ఆవిడ తల ఎత్తి ఆయన మొహం చూసింది. మళ్ళీ కాజా మీదకి వంగింది.

"ఇంత ఏడుపు సీనా? సంగీతం లేకుండా వేసి చూస్తే ఏమైందో తెలుసా? నిర్మాత బావమరిది పకపకా నవ్వాడు! పోయిన ఆవిడ కనురెప్పలు కదులుతున్నాయి, వీడు చెంచా పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు, నవ్వక చస్తారా? డైరెక్టరు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు. సంగీత దర్శకుడు 'ఉండవయ్యా' అని బాకాలు, డోళ్ళు, తాళాలు అన్నీ కలిపి వేయించాడు. ఆవిడ చచ్చిపోయినట్టు లేదు, వాడు దండయాత్రకి పోతున్నట్టుంది. అవన్నీ తీసేసి ముప్పై ఫిడేళ్ళూ వేశాడు. పెళ్ళివారు దిగుతున్నట్టుంది. అప్పుడు ఆయన ఒక్కొక్క వరసా చూసుకుంటూ, చూసుకుంటూ, చివరి వరసకొచ్చి, నా మీద చూపు ఆపాడు. 'లేవయ్యా,' అన్నాడు. 'నువ్వొక్కడివే వాయించు,' అన్నాడు!"

ముందు వరసలో కూర్చుని ఒంటరిగా వాయించాల్సినవన్నీ వాయించే ఆయనకి ఆ రోజు జ్వరం. ఆ ముక్క ఫిడేలు తాత ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. మిగతాదంతా అక్షరాలా నిజం. లేచాడు, వణుకుతూనే వాయించాడు. ఒక్క టేకు. సంగీత దర్శకుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని "బాగుంది" అన్నాడు. ఫిడేలు తాత పని చేసినన్నాళ్ళలో ఒంటరిగా వాయించింది అదొక్కటే.

తర్వాతది భార్య చెప్పింది. సినిమా వచ్చిన మొదటిరోజు మొదటాటకే వెళ్ళింది. ఈయన ఉతికిన చొక్కా తొడుక్కుని, పెళ్ళికొడుకులాగా గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ ఎర్రబడ్డ కళ్ళతో వచ్చింది. దారంతా ఏడుస్తూనే వచ్చినట్టుంది. ఆయన చేతులు రెండూ పట్టుకుని, "హాలంతా ఏడ్చిందండీ," అంది. "వెనక వరసలో వాళ్ళు ఎవరండీ ఆ వాయించేది అని అడిగారు. మా ఆయనే అన్నాను," అంది.

తాను చెప్పేవన్నీ కోతలని ఫిడేలు తాతకి తెలుసు. వినేవాళ్ళకీ తెలుసునని కూడా తెలుసు. ఎంత కోసినా అడుగున ఆ ఒక్క మాట ఉంది, హాలంతా ఏడ్చిందన్న మాట. అది నిజం. దాని మీద నిలబడే ఆయన ఇన్ని మేడలు కట్టాడు.

"మొదటాటకే హాలు హాలంతా గొల్లుమంది! వెళ్ళి నేను చూడలేదు. మా ఆవిడ వెళ్ళనివ్వలేదు. మర్నాడు నేను బయల్దేరితే చెప్పులు దాచేసింది. 'మీరొద్దండీ, జనం గుర్తుపడితే మీదపడి చొక్కా చింపేస్తారు, దిష్టి తగుల్తుంది' అని ఒకటే గొడవ. సరే, నేను పోకపోతేనేం, కబుర్లు వస్తూనే ఉన్నాయి. వారం తిరిగేసరికి ముందు వరసవాళ్ళు గొడుగులు తెచ్చుకోవడం మొదలెట్టారు."

"గొడుగులెందుకు?" అన్నాడు వాచ్‌మన్.

"బాల్కనీవాళ్ళ కన్నీళ్ళు కింద పడటం లేదూ! ఆట ఆటకీ మధ్య బకెట్లతో తోడేవాళ్ళు. తోడలేక హాలువాళ్ళు కుర్చీల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. ఆ నీళ్ళు కాలువ పట్టి పక్క సందులోకి పోతే, ఆ సందువాళ్ళు కూరల్లో ఉప్పు వెయ్యడం మానేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకాయన, వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా చుక్క రాల్చని మొండిఘటం, గుండె రాయైపోయిందని డాక్టరు దగ్గరికి పోతే, ఆ డాక్టరు మందు రాయలేదు, 'పొద్దున ఒక ఆట, సాయంత్రం ఒక ఆట' అని నా సినిమా రాసిచ్చాడు!"

"తగ్గిందా?"

"తగ్గింది గానీ ఇంక ఆగలేదు. ఆయన ఇప్పటికీ ఏడుస్తూనే ఉన్నాడని వినికిడి."

డ్రైవరు పడీపడీ నవ్వాడు. తమ్ముడిని తీసుకొచ్చినప్పట్నుంచి ఆ మనిషి అలా నవ్వింది లేదు. నవ్వి నవ్వి చేతి రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఫిడేలు తాతకి ఊపొచ్చింది.

"ఇప్పటికీ ఆ సినిమా టీవీలో వేస్తుంటారు. కానీ మా ఇంట్లో చూడటం కుదరదు. ఎందుకో తెలుసా? సరిగ్గా ఆ సీను వచ్చేసరికి కరెంటు పోతుంది! ఒకసారి కాదు, ఎప్పుడేసినా అంతే. నా ఫిడేలు తాకిడికి మా మీటరు తట్టుకోలేదు. వింతేమిటంటే పక్కింట్లో లైటు వెలుగుతూనే ఉంటుంది, మా ఇల్లొక్కటే చీకటి. సీను అయిపోగానే మళ్ళీ వచ్చేస్తుంది. ఏమంటావు?"

"ఏమంటాను తాతా, కరెంటోళ్ళు నీకు దణ్ణం పెట్టాలి."

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఆసుపత్రి మనుషులిద్దరు చక్రాల మంచం తోసుకుంటూ వచ్చారు. మంచం మీద మనిషిని తలదాకా కప్పేశారు. వరండాలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు, ఎవరికి వాళ్ళు తమవాళ్ళేమోనని. చివరి బెంచీ దగ్గర ఒకావిడ పరుగెత్తుకుంటూ వచ్చి ఆ గుడ్డ అంచు ఎత్తి చూసి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఆవిడ నోట్లోంచి శబ్దం రాలేదు. మంచం వెళ్ళిపోయింది, ఆవిడని ఎవరో లేపి తీసుకెళ్ళారు. చక్రాల కీచుమనే చప్పుడు వరండా మలుపు దాకా వినపడి ఆగింది.

మిగిలినవాళ్ళు కూర్చున్నారు. తమవాళ్ళు కాదన్న సంతోషం, అలా సంతోషించినందుకు సిగ్గు, రెండూ వాళ్ళ మొహాల మీద ఉన్నాయి. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. గోడ గడియారం చూస్తే పెద్ద డాక్టరు వచ్చే వేళ దగ్గరపడుతోంది. ఫిడేలు తాత గడియారం మీంచి చూపు తిప్పేశాడు. ఈసారి ఇంకా పెద్ద గొంతుతో అందుకున్నాడు.

"అదంతా ఒక ఎత్తు, అసలు సంగతి ఒక ఎత్తు. ఎవరికీ చెప్పనంటే చెబుతా. ఆ సినిమా ఆడగా ఆడగా, ఒక రోజు ఆట మధ్యలో నా ఫిడేలు మొదలైంది, పోయిన ఆవిడ ఉంది చూడు, తెర మీద, శవం, ఆ శవం కంట్లోంచి ఒక చుక్క జారింది! ఫిల్ములో లేదోయ్ ఆ చుక్క. తీసినప్పుడు లేదు. ఆపరేటరు చూసి కెవ్వుమన్నాడు. మర్నాడు రెండు చుక్కలు. ఆ మర్నాడు ఆవిడ పెదవి వణికింది. జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు డ్రైవరు. ఈసారి నవ్వలేదు.

"వాడు చెంచా ముందుకి చాపి 'లే, చేదేం ఉండదులే' అన్నాడు. నా ఫిడేలు పైకి, పైకి, ఇంకా పైకి వెళ్ళింది. ఆవిడ కళ్ళు తెరిచింది! లేచి కూర్చుంది! మందు తాగింది, తాగి మూతి తుడుచుకుని, 'నిజమేనండీ, చేదు లేదు,' అంది! మొగుడు చెయ్యి పట్టుకుని తెరలోంచి బయటికి నడిచిపోయింది. ఆ ఆటకి ఆ సినిమా అక్కడితో అయిపోయింది, ఇంక ఏడవడానికేం మిగల్లేదని జనం ఇళ్ళకి పోయారు!"

చేతిలో కమాను ఉన్నట్టు ఆయన కుడిచెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది.

డ్రైవరు నెమ్మదిగా, "మా తమ్ముడికి కూడా ఓసారి వాయించగూడదా తాతా," అన్నాడు. వేళాకోళమో, వేడుకోలో వాడికే తెలీదు.

టైలరమ్మ చొక్కా మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "బాబాయిగారూ, ఆ సినిమా నేను చూశాను," అంది.

ఫిడేలు తాత మొహం వెలిగిపోయింది. "చూశావూ! విన్నావటోయ్ వాచ్‌మన్, విను! చెప్పమ్మా, నువ్వే చెప్పు వీళ్ళకి. శవం లేవడం వదిలెయ్, అది నా సరదా. నా ఫిడేలు విని నువ్వెంత ఏడ్చావో, అది చెప్పు చాలు."

"ఏడ్చానండీ. కానీ ఆ సీనులో ఫిడేలు లేదు."

"లేకపోవడమేంటి?"

"అసలు సంగీతమే లేదండీ. ఏమీ లేదు. ఒట్టి వాన చప్పుడు, చెంచా సీసాకి తగిలిన చప్పుడు, అంతే."

"చిన్నపిల్లవి అప్పుడు, మర్చిపోయుంటావు."

"మర్చిపోలేనండీ," అంది టైలరమ్మ. ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. "నేనూ మా అక్కా వెళ్ళాం. సరిగ్గా ఆ సీనులో నాకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే నా ఎక్కిళ్ళే వినపడుతున్నాయి. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు, ఎవడో 'ఎవరే అది' అని కసిరాడు కూడా. అక్క నా నోరు గట్టిగా మూసేసింది, ఊపిరాడక చచ్చాననుకోండి. బయటికొచ్చాక, అక్కడ ఏదో ఒక పాటైనా పెట్టి చావొచ్చుగా, మన పరువు దక్కేది అని అక్క ఎంత తిట్టిందో. ఇన్నేళ్ళూ ఎవరింటికెళ్ళినా నన్ను ఏడిపించడానికి అదే కథ చెప్పేది. లోపలుందిగానీ, లేకపోతే అడిగిద్దును."

"దొరికిపోయావు తాతా!" వాచ్‌మన్ తొడ కొట్టి నవ్వాడు. డ్రైవరు కూడా నవ్వి, ఇప్పుడెలా తప్పించుకుంటాడా అని చూశాడు. ఎలా పడ్డా తాత నిలబడతాడు, ఏదో ఒకటి అల్లేస్తాడు, అది వాళ్ళకి అలవాటే.

ఫిడేలు తాత ఏమీ అల్లలేదు.

తీసేశారన్నమాట. వాయించిన తర్వాత, మాటలూ చప్పుళ్ళూ సంగీతమూ అన్నీ కలిపేటప్పుడు, ఏ డైరెక్టరుకో ఇక్కడ ఏమీ వద్దనిపించి తీసేసి ఉంటాడు. అలా తీసేయడం మామూలే. ఎన్నిసార్లో జరుగుతుంది, ఎవరూ వచ్చి చివరి వరసవాడికి చెప్పరు. అది కాదు ఆయన్ని కొట్టింది. మొదటిరోజు ఆవిడ కళ్ళు ఎందుకు అంత ఎర్రగా ఉన్నాయో ఇప్పుడు తెలిసింది. ఉతికిన చొక్కాతో గుమ్మంలో నిలబడ్డ తనని తలుచుకుని దారంతా ఏడ్చింది. ఏడ్చి, ఏడ్చి, ఇంటికొచ్చేసరికి ఒక హాలంత జనాన్ని కల్పించుకుని వచ్చింది. వెనక వరసనీ కల్పించింది. చెప్పులు దాచింది. టీవీలో ఆ సినిమా వచ్చిన ప్రతిసారీ, ఆ సీనుకి కాస్త ముందు, ఏదో పనున్నట్టు లేచి ఇంటి వరండాలోకి వెళ్ళేది. మీటరు ఉన్నది ఆ వరండాలోనే.

ఆయనకి ముందు కోపమొచ్చింది. ఒళ్ళంతా మంటలు పుట్టినంత కోపం. ఇన్నేళ్ళూ తనని వెర్రివెధవని చేసింది. టీ బడ్ల దగ్గర, పెళ్ళిళ్ళలో, చావు ఇళ్ళలో, ఎంతమంది ముందు ఛాతీ విరుచుకుని చెప్పాడు! వాళ్ళలో సినిమా చూసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో, పోనీలే పాపమని ఎంతమంది ఊరుకున్నారో! ఇప్పుడే లోపలికి వెళ్ళి నిలదీయాలి. ఎందుకే ఇంత పని చేశావు, నన్ను అంత చేతకానివాడనుకున్నావా అని అడిగెయ్యాలి.

"బాబాయిగారూ," అంది టైలరమ్మ కంగారుగా. ఆయన మొహం చూసి ఆవిడకి భయమేసింది. "నాకు సరిగ్గా గుర్తులేదేమోలెండి. వేరే సినిమా అయ్యుంటుంది."

"లేదమ్మా," అన్నాడాయన. "నీకు బాగా గుర్తుంది."

తలుపు తెరుచుకుంది. చిన్న డాక్టరమ్మ. "తాతగారూ, పెద్ద డాక్టరుగారు వచ్చారు. లోపలికి రండి."

ఆయన విసురుగానే లేచాడు. విసురుగానే నడిచాడు. మంచం దగ్గరికి వెళ్ళేసరికి ఆ విసురంతా ఎటుపోయిందో పోయింది. ఆవిడ నోట్లో గొట్టం. గొట్టం కదలకుండా బుగ్గల మీద అడ్డంగా పట్టీలు అంటించారు, ఆ పట్టీల కింద బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. యంత్రం బుస్సుమన్నప్పుడల్లా ఛాతీ లేస్తోంది, మళ్ళీ పడుతోంది. అన్నేళ్ళు ఆయన చూడని సినిమాలన్నీ చూసొచ్చి చెప్పిన నోరది. గొట్టం పెట్టి దాన్ని మూసేశారు.

పెద్ద డాక్టరు ఏదో చెప్పాడు. ఫిడేలు తాత సగమే విన్నాడు.

"ఆవిడకి వినపడుతుందా అండీ?"

"చెప్పలేం. వినపడకపోవచ్చు."

ఆయన మంచం పక్కన నిలబడి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. సూదులు గుచ్చీ గుచ్చీ నల్లబడిన చెయ్యి. నిలదీద్దామని సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. ఇప్పుడు నిలదీస్తే ఆవిడ ఏమని జవాబు చెబుతుంది, ఎలా చెబుతుంది? పోయేముందు మనిషికి తాను దొరికిపోయానని తెలియాలా? డాక్టరు వైపు తిరిగి, "తీసెయ్యండి," అన్నాడు. ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో ఆయనకి తెలీదు.

డాక్టరమ్మ యంత్రం అవతలి వైపుకి వెళ్ళింది. ఆయన వంగి, ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టాడు. ఎప్పుడూ చెప్పే ఆ పెద్ద గొంతు కాదు, ఇంట్లో మాట్లాడే గొంతు. గొడుగులు లేవు, బకెట్లు లేవు. జీవితంలో మొదటిసారి ఆయన ఒక్క ముక్క కూడా పెంచకుండా చెప్పాడు.

"ఏమే, బయట ఒకావిడ కూర్చుంది. బట్టలు కుట్టే ఆవిడ. ఆ సినిమా చూసిందట. మందు సీసా సినిమా. నువ్వు చెప్పినట్టేనటే. హాలంతా ఏడ్చిందట. ఎవరండీ ఆ వాయించేది అని వెనక వరసలోవాళ్ళు అడిగారట. ఎవరో ఒకావిడ, మా ఆయనే అని చెప్పిందట."